డెబ్బై అంగుళాల జంపఖానా

నేను దయ్యాలను నమ్మను. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ మాట మార్చుకోవడం లేదు.

ఐర్లండ్‌లో ఒక చిన్న ఊళ్లో, వృద్ధులను చూసుకునే కేంద్రంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. అక్కడ ఎవరైనా చనిపోతే ఒళ్లు తుడిచి, జుట్టు దువ్వి, శుభ్రమైన బట్టలు తొడిగి, వాళ్ల వాళ్లు వచ్చేదాకా పక్కన కూర్చోవడం నా ఉద్యోగంలో భాగం. ఎంతమందికి చేశానో లెక్క లేదు. వాళ్లలో ఒక్కరూ నన్ను భయపెట్టలేదు.

కాబట్టి ఇది చదివి ఈమెకేదో అయింది అనుకునేవాళ్లు అనుకోవచ్చు. నా దగ్గర ఫొటోలున్నాయి. ఫొటోల్లో టేపు ఉంది. టేపు మీద అంకెలు స్పష్టంగా కనిపిస్తాయి.

మాది వరంగల్ కొత్తవాడ. మా అమ్మ రాజమ్మ, మా నాయిన చెల్లెలు సోమక్క అత్తమ్మ ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని జంపఖానాలు నేసేవాళ్లు. పెళ్లిళ్లలో, సభల్లో కింద పరిచే మందపాటి చారల నూలు తివాచీని మా దగ్గర జంపఖానా అంటారు. మగ్గం మీద నిలువుగా బిగించి ఉండే దారం పడుగు. దానికి అడ్డంగా నేసే దారం పేక. ఇనుప చేతివేళ్లలా ఉండే పంజాతో కొట్టి, వేసిన పేకను దగ్గరికి అదుముతారు. ఆ చప్పుడులోనే నేను అక్షరాలు దిద్దాను. అంకెల కంటే ముందు చారలు లెక్కపెట్టడం నేర్చుకున్నాను.

అమ్మది ఎడమ చేతి వాటం. అందుకని ఎప్పుడూ ఎడమవైపే కూర్చునేది. లేకపోతే ఇద్దరి మోచేతులూ కొట్టుకునేవి. అంచు దగ్గరికి వచ్చాక అందరూ పేకను చివరి దారం మీదుగా తిప్పుతారు. అమ్మ కిందనుంచి తిప్పేది. చూసేవాళ్లకు తెలియదు గానీ వేలు పెట్టి తడిమితే అంచు కొంచెం లావుగా తగులుతుంది. పని ఇచ్చే షావుకారు రెండు మూడుసార్లు కోప్పడ్డాడు. అమ్మ మార్చుకోలేదు.

నాయిన నా చిన్నప్పుడే పోయాడు. నాకు పదహారేళ్లప్పుడు అమ్మ జ్వరమని పడుకుని వారం తిరగకుండానే పోయింది. అప్పటికి మగ్గం మీద ఒక జంపఖానా సగం దాటి నేసి ఉంది. ఎరుపు చార, నీలం చార, మళ్లీ ఎరుపు, మళ్లీ నీలం.

దినాలు అయ్యాక షావుకారు పంపిన మనిషి వచ్చాడు. ఇంకొక ఆమెను పంపుతామని, ఇద్దరూ కూర్చుని దాన్ని పూర్తి చేయాలని అత్తమ్మతో చెప్పాడు. అత్తమ్మ లేచి, బట్టలు మూట కట్టుకుని, నాతో కూడా చెప్పకుండా వాళ్ల అత్తగారి ఊరికి వెళ్లిపోయింది. మర్నాడు ఆ మనిషి కత్తెర తెచ్చి, నా కళ్లముందే జంపఖానాను మగ్గం మీదనుంచి కోసి చుట్టచుట్టి తీసుకుపోయాడు. ఎర్ర చార మధ్యలో కోశాడు.

విచిత్రం ఏమిటంటే నాకు ఆ మనిషి మీద కోపం రాలేదు. కోపమంతా అత్తమ్మ మీద పెట్టుకున్నాను. అమ్మ ఆఖరి పనిని సగంలో వదిలేసి పోయిందని. ఇరవై ఎనిమిదేళ్లు ఆమెతో మాట్లాడలేదు. పెళ్లిళ్లలో ఎదురుపడితే ముఖం తిప్పుకున్నాను. ఆమె మొదట్లో పలకరించబోయేది. తరవాత ఆమె కూడా మానేసింది.

ఇక ఐర్లండ్ సంగతి. అక్కడ పెద్దవాళ్లు పోయాక ఇంట్లోని సామాన్లను చాలామంది వేలానికి పెట్టేస్తారు. ఇప్పుడు అదంతా ఆన్‌లైన్‌లోనే. వస్తువు ఫొటో, గడువు, ఎవరు ఎంతదాకా పాడారో ఫోన్‌లోనే కనిపిస్తుంది. నేను మొదట ఒక కుట్టుమిషన్ కోసం అందులోకి వెళ్లాను. మెల్లగా పాత తివాచీలు కొనడం అలవాటైంది. అవి తెచ్చి, ఉతికి, పోగులు లేచిన చోట సరిచేసి, మంచి ఫొటోలు తీసి, మళ్లీ వేలానికే పెట్టేదాన్ని. సెలవు రోజుల్లో నా పని అదే.

మొదట్లో ఒకసారి కొలత ఒక అంగుళం తప్పు రాశాను. కొన్నామె తిప్పి పంపి, నా పేరు కింద నాలుగు మాటలు రాసింది. అప్పటినుంచి ప్రతి దాన్నీ మూడుసార్లు కొలుస్తాను. నాలుగు వైపులా టేపు పెట్టి ఫొటో తీస్తాను. ఆరేళ్లలో ఇంకెప్పుడూ నా కొలత తప్పలేదు. ఈమె కొలత రాసిందంటే నమ్మొచ్చని ముక్కూ మొహం తెలియనివాళ్లు నా పేరు కింద రాశారు. ఆ మాటలు నాకు చాలా ఇష్టం.

ఒకరోజు మధ్యాహ్నం భోజనం వేళ ఫోన్ చూస్తుంటే ఒక ఫొటో కనిపించింది. చారల నూలు తివాచీ, ఎక్కడిదో తెలియదు అని రాశారు. ఫొటో మసకగా ఉంది. అయినా అది జంపఖానా అని గుర్తుపట్టాను. నాతోపాటు ఇంకొకరు పాడుతున్నారు. నేను పెంచితే వాళ్లు పెంచుతున్నారు. గడువు ఇక పది సెకన్లుందనగా నేను మళ్లీ పెంచాను. అవతలివాళ్లు ఆగిపోయారు. నాదైంది.

వారానికి పార్సిల్ వచ్చింది. వంటగదిలో నేలమీద పరిచాను. ఒక చివర చక్కగా నేసిన అంచు, ముడులు వేసిన పోగులు. రెండో చివర ఎర్ర చార సగంలో ఆగిపోయి ఉంది. అక్కడ గుడ్డను ఒక అంగుళం లోపలికి మడిచి మిషన్‌తో కుట్టేశారు.

మోకాళ్లమీద కూర్చుని ఎడమ అంచును వేలితో తడిమాను. లావుగా తగిలింది. ఈ చివరనుంచి ఆ చివరదాకా అలాగే ఉంది.

ఇంతవరకూ జరిగినదాంట్లో నాకు వింతేమీ లేదు. మా జంపఖానాలు ఆ రోజుల్లో విదేశాలకు వెళ్లేవి. ఒకటి అక్కడికి చేరింది, ఎవరో పోయాక వేలానికి వచ్చింది, అలాంటివే వెతికే నా కంటపడింది. మనుషులు దీన్నే పెద్ద అద్భుతం అంటారు. నేను అనను.

మా ఆయన రవీందర్ కూడా వరంగల్ మనిషే. గోదాములో సరుకు లెక్కలు చూస్తాడు. సంగతి చెబితే వంగి ఆ అంచును తానూ తడిమాడు. తరవాత, "ఉంచుకుందాం పద్మా. మీ అమ్మ చెయ్యి కదా" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. కోసిన ఆ చివరను రోజూ చూస్తూ ఇంట్లో తిరగడం నావల్ల కాదు. అమ్మేస్తానన్నాను. ఉతికాను, ఎండలో ఆరబెట్టాను, కొలిచాను. పొడవు డెబ్బై అంగుళాలు. అంచు రెండున్నర, ఆ తరవాత ఇరవై రెండు నిండు చారలు, చివర సగం ఎర్ర చార. ఒక్కో చార మూడు అంగుళాలు. అంతా రాసి, ఫొటోలు పెట్టాను.

దాన్ని పాడుకున్నామె రిటైరైన టీచర్. వేరే ఊళ్లో ఉంటుంది. పార్సిల్ అందిన మూడోరోజు ఆమెనుంచి మెసేజ్ వచ్చింది. చాలా మర్యాదగా రాసింది. తివాచీ చాలా బాగుంది, కానీ మీరు రాసినదానికంటే మూడు అంగుళాలు పొడవుంది, మంచానికీ అల్మారాకీ మధ్య కొలిచి మరీ తీసుకున్నాను, ఇప్పుడు తలుపుకు అడ్డం పడుతోంది, తిప్పి పంపవచ్చా అని.

నాకు ఒళ్లు మండింది. తక్కువైందన్నవాళ్లను చూశాను గానీ ఎక్కువైందన్నవాళ్లను చూడలేదు. పంపండి అని ఒక్క ముక్క రాశాను.

వచ్చింది. విప్పి, ఆమె తప్పు ఆమెకే చూపిద్దామని టేపు పెట్టాను. డెబ్బై మూడు.

టేపు మార్చాను. చెక్క స్కేలుతో కొలిచాను. డెబ్బై మూడు. అప్పుడు చివర చూశాను. అక్కడ సగం చార నీలంగా ఉంది.

నా ఫొటోలో అక్కడ సగం చార ఎరుపు. ఇప్పుడు ఆ ఎరుపు నిండుగా ఉంది. దాని పక్కన నీలం మొదలై, సగంలో ఆగి, అదే మిషన్ కుట్టులోకి మడిచి ఉంది. కుట్టు విప్పి మళ్లీ వేసిన ఆనవాలు లేదు. ఒక చోట కుట్టు వంకరపోయి ఉండేది, ఆ వంకర అలాగే ఉంది. మూలనున్న పాత టీ మరక కూడా అక్కడే ఉంది.

ముందు ఆమెనే అనుమానించాను. ఇలాంటిదే ఇంకొకటి పంపిందేమో అని. కానీ ఆ మరకను, ఆ వంకర కుట్టును ఎక్కడనుంచి తెస్తుంది? రవీందర్‌ను పిలిచాను.

"నువ్వు ముందు తప్పు లెక్కపెట్టి ఉంటవ్. నూలు గదా, ఉతికితే సాగుతది."

"సాగితే చార వెడల్పయితది. ఎక్కువెట్లయితయి? ఎరుపు పోయి నీలమెట్లయితది?"

అతను ఫోన్‌లో ఫొటో పెద్దది చేసుకుని, కింద కూర్చుని, ఒక్కో చార మీద వేలు పెడుతూ లెక్కపెట్టాడు. ఇరవై మూడున్నర. మళ్లీ ఇటునుంచి లెక్కపెట్టాడు. లేచి వెళ్లి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. చేతులకు ఏమీ అంటలేదు.

నేను దాన్ని మళ్లీ వేలానికి పెట్టాను. ఎందుకు పెట్టావని తరవాత చాలామంది అడిగారు. పంతం. నా కొలత తప్పదని నాకు నేనే చూపించుకోవాలి. ఈసారి ప్రతి నిండు చార మీదా సుద్దముక్కతో అంకె వేసి ఫొటో తీశాను. డెబ్బై మూడు అంగుళాలు, ఇరవై మూడున్నర చారలు అని రాశాను. వేలం నడిచిన వారం రోజులూ అది మా ఇంట్లోనే, బట్టల అల్మారా కింది అరలో, తెల్ల దుప్పట్లో చుట్టి ఉంది. ఎవరూ ముట్టలేదు.

జర్మనీలో ఒకాయన పాడుకున్నాడు. మన దేశపు తివాచీలు పోగుచేసే మనిషి. ఆ ఆదివారం పొద్దున పార్సిల్ కడదామని తీశాను. అట్టపెట్టెలో పెట్టేముందు అలవాటుగా టేపు పెట్టాను.

డెబ్బై ఆరు.

ఇరవై నాలుగు నిండు చారలు. చివర సగం ఎరుపు. సుద్ద అంకెలు ఇరవై మూడు దాకా ఉన్నాయి. ఇరవై నాలుగో చార మీద అంకె లేదు.

అరవలేదు, పారిపోలేదు. ఫొటోలు తీశాను. ఆ తరవాత దానికి వీపు పెట్టకుండా కుర్చీ గోడకు జరుపుకుని కూర్చున్నాను. అంతవరకూ ఒప్పుకుంటాను.

రవీందర్ ఈసారి లెక్కపెట్టలేదు. "పద్మా, నీకు దండం పెడ్త. దీన్ని జర బయట పడేద్దాం" అన్నాడు.

అక్కడి తెలుగు వాళ్లలో నాకు ఒక స్నేహితురాలుంది. ఆమె ఇంకా ముందుకు పోయింది. నిమ్మకాయలు కోసి నాలుగు మూలలా పెట్టమంది. కాల్చేస్తే ఇంకా మంచిదంది. మా అమ్మ నేసినదాన్ని కాల్చమనడానికి నీకు నోరెలా వచ్చిందని అడిగాను. ఆమెతో ఇప్పటికీ మాటల్లేవు.

పంపడమా మానడమా అని రెండు రోజులు ఆలోచించాను. నేను రాసిన కొలత డెబ్బై మూడు. వస్తువు డెబ్బై ఆరు. రేపు ఆయన ఇంటికి చేరేసరికి ఎంత ఉంటుందో నాకే తెలియదు. కొలత చెప్పలేని వస్తువును నేను అమ్మను. అమ్మకం రద్దు చేశాను.

కారణం రాయమన్నారు. వస్తువు పాడైంది అని ఒక మాట రాస్తే అయిపోయేది. రవీందర్ కూడా అదే రాయమన్నాడు. నేను రాయలేదు. వస్తువు పాడు కాలేదు. నేను జరిగింది జరిగినట్టు రాశాను. నేను కొలిచిన తరవాత ఈ తివాచీ మూడు అంగుళాలు పెరిగింది, అంతకుముందు కూడా ఒకసారి పెరిగింది, ఫొటోలు జతచేస్తున్నాను.

జర్మనీ ఆయన నన్ను మోసగత్తె అన్నాడు. ఎక్కువ ధర వచ్చిందని మాట తప్పానని రాశాడు. వేలం నడిపేవాళ్లు ఇంకోసారి సరైన కారణం చెప్పమన్నారు. నేను అదే వాక్యం మళ్లీ పంపాను. వాళ్లు నా ఖాతా మూసేశారు. నా పేరు కింద ఆరేళ్లుగా జనం రాసిన మంచిమాటలన్నీ దాంతోపాటే పోయాయి. ఆ రాత ఒక్కటి మార్చి ఉంటే అవన్నీ ఉండేవి. అయినా పశ్చాత్తాపం లేదు.

తరవాతి నెలలో సెలవు పెట్టి వరంగల్ వచ్చాను. దాన్ని చుట్టి, పెట్టెలో వేరే ఏమీ పెట్టకుండా తెచ్చాను. చూపించాల్సిన మనిషి ఒక్కతే ఉందని ఐర్లండ్‌లో ఉండగానే అర్థమైంది. ఆమె దగ్గరికి వెళ్లడం నాకు ఇష్టం లేదు. అందుకే నాలుగు రోజులు హన్మకొండలో మా మేనమామ ఇంట్లోనే కూర్చున్నాను. ఐదోరోజు పొద్దున ఆటో పిలిచాను.

అత్తమ్మ సుబేదారిలో కూతురు లావణ్య దగ్గర ఉంటోంది. మేడ మీద అద్దె ఇల్లు. లావణ్య స్కూల్లో పాఠాలు చెబుతుంది, ఆ రోజు ఇంట్లోనే ఉంది. తలుపు తీసి నన్ను చూసి, ఏం చేయాలో తెలియక పక్కకు జరిగి నిలబడింది. పదకొండు గంటలవుతోంది. ముందు గదిలో బాగా వెలుతురు ఉంది.

అత్తమ్మ కిటికీ పక్కన కుర్చీలో ఉంది. మూడేళ్ల కింద పక్షవాతం వచ్చిందని విన్నాను. కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది. మగ్గం మీద కూర్చోవడం అంతకు చాలా ఏళ్ల ముందే మానేసిందట.

నన్ను చూసి, "వచ్చినవా" అంది. అంతే.

 జంపఖానా తీసి నేలమీద పరిచాను. కథేమీ చెప్పలేదు. పెరిగిందని చెప్పలేదు, ఎక్కడ దొరికిందో కూడా చెప్పలేదు. దీనికి సాక్షి లావణ్య.

అత్తమ్మ కాసేపు చూసింది. "తిరగెయ్యి" అంది. తిరగేశాను. "దగ్గరికి గుంజు." ఆమె కాళ్ల దగ్గరికి లాగాను. వంగి, ఎడమచేత్తో అమ్మ వైపు అంచును పట్టుకుని, మొదటినుంచి మెల్లగా తడుముతూ వచ్చింది. ఆమె చెయ్యి కదిలేకొద్దీ నేను గుడ్డను జరుపుతున్నాను.

"వదినె. గిది మా వదినెదే. కిందికెల్లి తిప్పుడు ఆమెకే వచ్చు." కళ్లు తుడుచుకోలేదు. చెయ్యి ఆపలేదు. చివరిదాకా వచ్చింది. మిషన్ కుట్టుకు ఆరేడు అంగుళాల ముందు ఆగింది. మళ్లీ వెనక్కి తడిమి, మళ్లీ ముందుకు వచ్చింది.

"గిక్కడి దాక వదినెది. గిక్కడికెల్లి నాది."

"ఏది నీది?"

"గీ ఆఖరుది. ఏలు పెట్టి చూడు, పేక మీదికెల్లి తిరిగింది. నా చెయ్యే గిది."

నేను కూర్చుని వేలు పెట్టి చూశాను. నిజమే. ఆఖరి ఆరు అంగుళాల్లో అంచు పలచగా ఉంది. అన్నిసార్లు కొలిచినదాన్ని అక్కడ ఎందుకు తడిమి చూడలేదని అడగొద్దు. తట్టలేదు. భయపడ్డానని మాత్రం ఒప్పుకోను.

"నువ్వెప్పుడు నేసినవ్ అత్తమ్మా? నువ్వు ఇడిసిపెట్టి పోయినవ్ గదా. నేను చూసిన. ఎర్ర చార నడుమల కోసిన్రు."

ఇరవై ఎనిమిదేళ్ల తరవాత నేను ఆమెతో అన్న మొదటి పెద్ద మాట అదే. గొంతు నాకు తెలియకుండానే పెరిగింది. లావణ్య గుమ్మంలోకి వచ్చింది.

అత్తమ్మ తల ఎత్తింది. "పోయిన. ఆమె జాగల ఇంకోదాన్ని కూసోపెడ్తమన్నరు. ఎట్ల కూసోపెట్టనిత్త? వదినె చీర గా పీట మీదనే ఉండె."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు చెప్పనిచ్చినవా? నన్ను చూస్తే మొకం తిప్పుకుంటివి. నేను గూడ మొండిదాన్నే. చెప్పకపోతే చెప్పకపోయిన అనుకున్న."

నేను అప్పుడు జరిగినదంతా చెప్పాను. టీచర్, టేపు, సుద్ద అంకెలు, ఖాతా మూసేయడం. ఫొటోలు చూపించాను. అత్తమ్మ ఫొటోలు పట్టించుకోలేదు. ఆ ఆఖరి ఆరు అంగుళాల మధ్యలో అరచెయ్యి ఆనించి ఒత్తింది.

"నడుమల వదులుగున్నది చూడు. ఇద్దరు కూసోని నేస్తే గిట్ల రాదు. ఒక్కతే నేసింది. గీ కొసకెల్లి గా కొసకు చెయ్యందక నడుమ వదులైంది."

లావణ్య వచ్చి తల్లి ఒళ్లోని కుడిచెయ్యి ఎత్తి, అరచెయ్యి నాకు చూపించింది. చూపుడువేలు మొదట్లో, బొటనవేలు పక్కన, గట్టిగా కాయ కాసి ఉంది. పంజా పట్టేవాళ్లకు కాయ కాసేది అక్కడే. అమ్మకు ఎడమచేతికి ఉండేది. చిన్నప్పుడు దానిమీద వేలు పెట్టి ఆడుకునేదాన్ని.

"గీ చెయ్యి లేవదు. అన్నం గూడ నేనే తినిపిస్త. రెండు మూడు నెలల సంది కాయ కాసింది. దవాఖానల చూపిచ్చినం. మంచం పట్టెకు ఒరుసుకున్నదేమో అన్నరు. అమ్మ కుడిపక్క గోడ ఉంటది. మంచానికి పట్టె ఎడమదిక్కే ఉన్నది కదా అని నేను పరేషాన్ అయిన" అంది లావణ్య.

 బయట కూరగాయలమ్మే ఆమె ఎవరో అరుస్తూ పోతోంది.

ముందు తేరుకుంది అత్తమ్మే. "గా మిషిన్ కుట్టు తీసెయ్యి. గట్లనేనా ముగిస్తరు?" అంది.

లావణ్య దగ్గర చిన్న కత్తెర తీసుకుని కుట్టు విప్పాను. మడత కింద ఎర్రటి అంగుళం గుడ్డ, దాని చివర పడుగు దారాలు. కత్తెరతో ఒకే గీతలో కోసినట్టు సమానంగా ఉన్నాయి. జంపఖానా పూర్తయ్యాక ఆ దారాలను నాలుగేసి పట్టి ముడులు వేయాలి. ఒక చేత్తో అయ్యే పని కాదు. అత్తమ్మ ఎడమచేత్తో దారాలు పట్టుకుంది. నేను ముడి వేశాను.

"గిట్ల కాదు. గట్టిగ గుంజు. బువ్వ తినలేదా పొద్దుగాల?"

మళ్లీ వేశాను. లావణ్య మధ్యలో చాయ్ ఇచ్చింది, చల్లారిపోయింది. ముడులు అయ్యేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఎర్ర చార సగంలోనే ఉంది కదా అత్తమ్మా, అలాగే ఉంచుదామా అని అడిగాను.

"ఉండనియ్యి. ఎవ్వనికన్న అమ్మేదున్నదా?"

ఆ రోజు అక్కడే తిన్నాను. తిరిగి వెళ్లేదాకా రోజూ సుబేదారి వెళ్లాను. జంపఖానా అక్కడే వదిలేశాను. అత్తమ్మ కుర్చీ కింద పరిచి ఉంటుంది.

ఇప్పుడు నేను ఐర్లండ్‌లో ఉన్నాను. నెలకొకసారి లావణ్య టేపు పెట్టి ఫొటో పంపుతుంది. మడత విప్పడంతో ఒక అంగుళం కలిసి డెబ్బై ఏడు అయింది. ఆ అంగుళం లెక్కలోదే. ఏడాది దాటింది, ఇంకేమీ పెరగలేదు. అత్తమ్మ చేతి కాయ మెత్తబడి పోయిందట. ఆదివారాలు వీడియో కాల్‌లో మాట్లాడుకుంటాం. ఎక్కువగా పోట్లాడుకుంటాం. నిద్రలో నేసినట్టు ఎప్పుడైనా అనిపించిందా అని ఒకసారి అడిగితే ఆమెకు కోపం వచ్చింది. కలలో కూడా మగ్గం రాలేదంది. "వస్తే నడుమ అంత వదులుగ రానిస్తనా?" అంది.

తెలిసినవాళ్లు రకరకాలుగా సర్దిచెప్పారు. తేమ అన్నారు, మతిమరుపు అన్నారు, ఫొటోలు కలిసిపోయాయన్నారు. అన్నీ ఓపిగ్గా విన్నాను. తేమకు ఎర్ర చార తరవాత నీలం చార నేయాలని తెలియదు. మా అమ్మ ఆత్మ వచ్చిందని ఇంకొందరన్నారు. వాళ్లకూ నేను ఒప్పుకోను. ఆ ఆరు అంగుళాలు మా అమ్మవి కావు. అవి నేసినట్టు కనిపించే చెయ్యి అప్పటికి చెంచా కూడా ఎత్తలేని స్థితిలో ఉంది.

మా వంటగదిలో మగ్గం లేదు. అల్మారాలో నూలు లేదు. అది ఎలా జరిగిందో నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నాకు సిగ్గు లేదు. లెక్క తప్పానని మాత్రం ఎవరినీ అననివ్వను. ఇరవై నాలుగు నిండు చారలు, నిండని ఎర్ర చార ఒకటి. సుబేదారిలో అత్తమ్మ కాళ్ల కింద ఉంది. నమ్మనివాళ్లు వెళ్లి, ఆమెను కాళ్లు ఎత్తమని అడిగి, లెక్కపెట్టుకోవచ్చు.